గాజుపలక మీద పూతరేకు

ఆత్రేయపురం చుట్టుపక్కల కాలవగట్టు ఊళ్ళలో ఉత్త చంద్రరావు అంటే ఎవరో ఎవరికీ తెలిసేది కాదు. మలేరియా చంద్రరావుగారంటే మాత్రం ఎవరైనా దారి చూపించేవారు. ఆ పేరు ఆయనకు ఉద్యోగంతో పాటే వచ్చింది. పెళ్ళి శుభలేఖల మీద కూడా "శ్రీ మలేరియా చంద్రరావుగారికి" అని రాసి పంపేవారు. అలాంటి శుభలేఖ మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు ఆయన భార్య శ్యామలాంబ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మన ఇంటిపేరు ఎప్పుడు మార్చారండీ?" అని అడిగింది.

తొంభైల మొదట్లో ఆ పనిలో చేరకముందు ఆయన బొబ్బర్లంకలో సైకిలు షాపు నడిపేవాడు. పంక్చరు వేయడం దగ్గర్నుంచి నీళ్ళు తోడే డీజిలు ఇంజను విప్పి బిగించడం దాకా పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవే. ఎవరైనా పని గురించి ఎక్కువ మాట్లాడితే ఆయనకు విసుగు. "చేసి చూపించండి, చూస్తాను" అనేవాడు.

కొత్త పని పైకి తేలిగ్గానే కనిపించింది. సైకిలు హ్యాండిలుకి కాన్వాసు సంచి. అందులో గాజు స్లైడ్లున్న చెక్కపెట్టె, స్పిరిటు సీసా, దూది, సూదులు, చేదు మాత్రల పొట్లం. పక్షానికోసారి ప్రతి గుమ్మం ముందూ సైకిలు దిగి "జ్వరాలేమన్నా ఉన్నాయాండీ?" అని అడగాలి. ఉంటే వేలి మీద సూదితో పొడిచి నెత్తుటిచుక్క స్లైడు మీదికి తీసుకోవాలి. ఉన్నా లేకపోయినా గుమ్మం పక్క గోడ మీద వచ్చిన తేదీ వేసి ముందుకు సాగాలి. పండగలకి వెల్లవేసినప్పుడల్లా ఆ తేదీలు సున్నం కిందికి పోయేవి. తెల్లగా మెరిసే గోడ మీద ఆయన మళ్ళీ రాయబోతుంటే ఇల్లాళ్ళు లోపలి నుంచే కేకేసేవారు.

"ఆ రాతలేవో మీ ఇంటి గోడ మీద రాసుకోకూడదేంటండీ?"

"రాశానండి. మా ఆవిడా ఇలాగే తిట్టింది" అనేవాడు చంద్రరావు, రాయడం ఆపకుండానే.

వేలు పొడవడం ఆయనకు ఒక్క పూటలో వచ్చేసింది. చుక్కని గాజు మీద పరచడం దగ్గరే చెయ్యి తిరగలేదు. స్లైడుకి ఒక పక్క చుక్కని దళసరిగా గుండ్రంగా అద్దాలి. దాని పక్కనే ఇంకో చుక్క పెట్టి, రెండో స్లైడు అంచుని ఏటవాలుగా ఆనించి, ఒక్క ఊపులో పల్చగా సాగదీయాలి. దళసరి చుక్క జ్వరం పురుగు ఉందో లేదో చెబుతుంది. పల్చటి పొర అది ఏ జాతిదో చెబుతుంది. ఆ పొర చంద్రరావు చేతిలో ఎప్పుడూ ముద్దలు కట్టేది, లేదా చారలు పడేది.

ఆరోగ్య కేంద్రంలో ఆ స్లైడ్లు చదివేవాడు సూర్యప్రకాశం. కిటికీ పక్కన మైక్రోస్కోపు పెట్టుకుని, దాని అద్దాన్ని ఎండకి తిప్పుకుంటూ రోజంతా అక్కడే కూర్చునేవాడు. చంద్రరావు తెచ్చిన స్లైడుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "చంద్రరావుగారూ, మేం రక్తం తెమ్మన్నాం గాని ఆవకాయ తెమ్మన్లేదు కదండీ" అనేవాడు. తర్వాత దాన్ని పక్కన పడేసి, "ఇది చదవలేనండి. వెళ్ళి ఇంకోటి పట్రండి" అనేవాడు.

ఆ మాట చంద్రరావుకి చెంపదెబ్బలా తగిలేది. ఒకసారి పొడిచిన వేలిని మళ్ళీ చాపమని అడగడం కంటే సిగ్గుచేటు ఆ పనిలో లేదని ఆయన అభిప్రాయం.

అలాంటి రోజుల్లోనే ఒక వేసవి మధ్యాహ్నం ఆయన బుల్లెమ్మ ఇంటి అరుగు మీద మంచినీళ్ళ కోసం ఆగాడు. బుల్లెమ్మ భర్త రావులపాలెం అరటి మార్కెట్లో పనిచేసేవాడు. తెల్లవారుతూనే వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే రాక. ఆవిడ ఇంటిదగ్గర పూతరేకులు తీసేది. పెరటి పక్క తాటాకు పాకలో బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట, పక్కన పల్చటి బియ్యప్పిండి నీళ్ళ గిన్నె. గుడ్డని ఆ నీళ్ళలో ముంచి, రెండు చేతులా పట్టుకుని, కుండ మీదుగా ఇలా లాగేది. గుడ్డ దాటిందో లేదో కుండ మీద తెల్లటి పొర నిలిచేది. దాన్ని గోటితో అంచు లేపి తీసి పక్కన పెట్టేది. మళ్ళీ గుడ్డ, మళ్ళీ పొర.

చంద్రరావు చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

"ఏంటండీ అలా చూస్తారు? నీళ్ళు తాగడానికి వచ్చారా, రేకులు లెక్కపెట్టడానికి వచ్చారా?" అంది బుల్లెమ్మ.

"గుడ్డని ఎక్కడా నొక్కడం లేదేంటండీ?"

"నొక్కితే రేకెక్కడ వస్తాదండీ, రొట్టొస్తాది. చెయ్యి వెళ్ళిన సంగతి కుండకి తెలియకూడదు. మధ్యలో ఆగామా, అక్కడ చార పడిపోద్ది. మొదలెడితే చివరిదాకా వెళ్ళిపోవాలంతే."

ఆయన నీళ్ళు తాగి, చెంబు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఇంట్లో గంజిలో కుంకుమ కలుపుకుని, పగిలిన కిటికీ గాజుముక్కలు ముందేసుకుని కూర్చున్నాడు. మోచెయ్యి బిగించకుండా, మణికట్టు ఒక్కటే కదిలేలా, ఆగకుండా, నొక్కకుండా. కుంకుమ భరిణె అడుగంటిపోయిందని శ్యామలాంబ సణుగుతూ ఉండగానే ఒక పొర వచ్చింది. అంచు దగ్గర నాలుకలా గుండ్రంగా తిరిగి, వెలుతురు అవతలికి కనిపించేంత పల్చగా. తర్వాతి వారం సూర్యప్రకాశం ఆయన స్లైడుని వెలుతురుకి ఎత్తాడు, దించాడు, మాటా పలుకూ లేకుండా రంగు నీళ్ళలోకి జారవిడిచాడు. చంద్రరావుకి జీతం పెరిగినంత సంతోషం వేసింది.

ఈ సంగతి బుల్లెమ్మకి చెబుదామనుకుంటూనే ఆయన ఏళ్ళు గడిపేశాడు. చెప్పే సందు ఆవిడ ఎక్కడ ఇచ్చింది గనక. వాళ్ళిద్దరికీ బావి దగ్గర తగాదా. దోమపిల్లల్ని తినే చిన్నచేపల్ని ఆయన డబ్బాలో తెచ్చి ఊరి బావుల్లో వదిలేవాడు. బుల్లెమ్మ వాటిని బాల్చీతో పట్టి కాలవలో పోసేది.

"రేకులకి వాడే నీళ్ళండీ ఇవి. నీచు తగిలిందని ఒక్కరన్నా చాలు, నా కుండ పగలగొట్టుకోవాల్సిందే."

"చేప నీళ్ళలో ఉంటది గాని రేకులోకి దూకదండీ."

"మీకేం, ఎన్నయినా చెబుతారు. కొనేది మీరు కాదుగా."

ఆయన మళ్ళీ వదిలేవాడు, ఆవిడ మళ్ళీ పట్టేది. చివరికి బుల్లెమ్మే బావి మీద సన్నకంతల నైలాను వల బిగించి కట్టించింది. ఇప్పుడు దోమకీ దారి లేదు, చేపకీ దారి లేదు అంది. చంద్రరావు వలని చేత్తో తట్టి చూసి, ఏ కంతలోనూ వేలు దూరకపోయేసరికి, ఆ ఇంటి గోడ మీద తేదీ కొంచెం పెద్ద అక్షరాలతో వేశాడు.

అలా ఏళ్ళకేళ్ళు దొర్లిపోయాక, రెండువేల తొమ్మిదిలో, స్వైన్ ఫ్లూ వచ్చింది. టీవీలో పొద్దస్తమానం అదే. బస్సుల్లో జనం కర్పూరం, యాలకులు గుడ్డలో మూటగట్టి ముక్కు దగ్గర పెట్టుకునేవారు. ఎవరైనా తుమ్మితే కండక్టరుతో సహా అందరూ తిరిగి చూసేవారు. రాజమండ్రి రైల్వేస్టేషన్లో దిగేవాళ్ళని కనిపెట్టి చూడటానికి ఊళ్ళలో తిరిగే సిబ్బందినంతా లాగేశారు. మలేరియా పని ఎలాగూ పాతదే, కొన్నాళ్ళు ఆగితే ఏమవుతుందని పైనుంచి నోటిమాటగా వచ్చింది.

చంద్రరావు ఆ మాట పట్టుకుని ఆరోగ్య కేంద్రం డాక్టరు ఉమాశ్రీ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ అక్కడికి వచ్చి ఏడాది కాలేదు. వచ్చిన దగ్గర్నుంచి సరిగ్గా నిద్రపోయినట్టు కనిపించలేదు.

"మనం స్టేషన్లో ఉన్నామని దోమలు సెలవు పెట్టవు కదండీ మేడం" అన్నాడు చంద్రరావు.

ఉమాశ్రీ కళ్ళు నలుపుకుంది. "పెట్టవు. అక్కడికి మనిషిని పంపకపోతే నన్నూ ఊరుకోరు. పొద్దున్న ఊళ్ళు, మధ్యాహ్నం నుంచి స్టేషన్. రెండూ కుదురుతాయా చంద్రరావుగారూ?"

"కుదుర్చుకుంటానండి."

ఆ రోజుల్లో ఆయన ఇంటికి భోజనానికి వెళ్ళిన గుర్తు లేదు. పొద్దున్నంతా సైకిలు మీద కాలవగట్లు. తర్వాత బొబ్బర్లంకలో సైకిలు వదిలి, బస్సెక్కి, ధవళేశ్వరం బ్యారేజి దాటి రాజమండ్రి. కొవ్వూరు వైపు నుంచి వంతెన మీద రైలు చప్పుడు వినిపించగానే ప్లాట్‌ఫారం మీద మాస్కు సర్దుకుని నిలబడేవాడు. దిగినవాళ్ళని దగ్గుందా, జలుబుందా, ఎక్కడ నుంచి వస్తున్నారని అడిగేవాడు. మాట మాటకీ మాస్కు ముక్కు మీంచి జారేది. రాత్రి స్నానం చేసి, స్టేషన్ చొక్కా వేరుగా ఉడికించి, పొద్దున్న ఊళ్ళకి వేరే చొక్కా వేసుకునేవాడు.

అయినా లాభం లేకపోయింది. విశాఖ నుంచి వచ్చిన ఊరివాడెవడో ప్లాట్‌ఫారం మీద ఆయన్ని చూసి వెళ్ళాడు. మర్నాటికల్లా కాలవగట్టంతా పుకారు పాకింది. రైలు దిగినవాళ్ళ జ్వరాలన్నీ మలేరియా చంద్రరావు సంచిలో పెట్టుకుని తెస్తున్నాడట. అన్నేళ్ళూ సైకిలు బెల్లు వినగానే అరుగు మీదికి వచ్చినవాళ్ళు ఇప్పుడు తలుపు గడియ వేసుకుని కిటికీలోంచి మాట్లాడటం మొదలెట్టారు.

"మాకేం జ్వరాల్లేవండి. మీరు అక్కణ్ణుంచే వెళ్ళిపోండి."

"చొక్కా మార్చుకునే వచ్చానండి."

"చొక్కా మారిస్తే సరిపోద్దేంటండీ, మనిషి మారొద్దా?"

ఆయన నవ్వి ఊరుకునేవాడు. గోడ మీద తేదీ వేయడానికి కూడా దగ్గరికి రానివ్వకపోతే వీధిలోంచే దండం పెట్టి సాగిపోయేవాడు. లోపల మాత్రం ఒక బెంగ పట్టుకుంది. ఇన్ని మూసిన తలుపుల వెనక ఎక్కడో ఒక మలేరియా ఉండే ఉంటుంది. భయం కొద్దీ దాన్ని బయటికి చెప్పరు.

అది బుల్లెమ్మ ఇంట్లోనే దొరికింది.

ఆ ఉదయం వీధి మలుపు తిరగగానే ఆయనకు ముందుగా కనిపించింది పెరట్లో తాడు. తాడు మీద వరసగా బొంతలు ఆరేసి ఉన్నాయి. సెప్టెంబరు నెల, చొక్కా ఒంటికి అంటుకుపోయే ఉక్క. చంద్రరావు సైకిలు దిగి పిట్టగోడ అవతలే నిలబడ్డాడు. బుల్లెమ్మ కర్పూరం మూట ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చింది.

"మా ఇంట్లో ఎవరికీ ఏం లేదండి."

"మరి బొంతలేంటండీ?"

"బొంతలు ఎండేసుకోవడానికి కూడా గవర్నమెంటు పర్మిషన్ కావాలేంటండీ?"

"ఈ ఉక్కలో అన్ని బొంతలు కప్పుకునేది చలిజ్వరం వచ్చినవాళ్ళేనండి" అన్నాడు చంద్రరావు మెల్లగా. "చెమటకి తడిస్తేనే ఇలా ఎండేస్తారు. అమ్మాయి పురిటికి వచ్చిందని విన్నాను."

బుల్లెమ్మ వీధి అటూ ఇటూ చూసింది. మూట ముక్కు మీంచి దిగింది.

"రోజు విడిచి రోజు వస్తందండి. మధ్యాహ్నమయ్యేసరికి వణుకు. మంచం కోళ్ళు చప్పుడు చేసేంత వణుకు. సాయంత్రానికి ఒళ్ళంతా తడిసిపోయి తగ్గిపోద్ది. నిన్నొచ్చింది. రేపు మళ్ళీ వస్తాది. దగ్గు లేదండి, జలుబు లేదు. మీ స్టేషన్ జ్వరం కాదండి అది."

"నెలలెన్నండీ?"

"ఎనిమిదో నెల."

చంద్రరావు సైకిలుకి స్టాండు వేశాడు. బుల్లెమ్మ కూతురు రామతులసి మెట్టినిల్లు పట్టిసీమ దాటి పైకి, కొండల అంచున. అల్లుడు అక్కడ బడిపంతులు. ఆ వైపు చలిజ్వరం ఏడాది పొడవునా ఉండేదే. పిల్ల పుట్టింటికి వచ్చేటప్పుడే ఒంట్లో పెట్టుకుని వచ్చి ఉంటుంది.

"బుల్లెమ్మగారూ, వణుకు వచ్చినప్పుడల్లా తల్లి నెత్తురు తగ్గిపోతుంది. ఇలాగే సాగితే కడుపులో బిడ్డ నెలలు నిండేదాకా ఆగదు. ఆగినా బతకడం కష్టం. ఒక్క చుక్క ఇప్పించండి. మలేరియా అని తేలితే మందుంది."

"ముందు మందివ్వండి మరి."

"కడుపుతో ఉన్న పిల్లకి ఏ జాతి జ్వరమో తెలియకుండా డాక్టరమ్మ మాత్ర ఇవ్వదండి. అందులో కొన్ని బిడ్డకి పడవు."

"చుక్కిస్తాను. తర్వాత జీపొస్తాది. జీపొచ్చిందంటే మా పిల్లకి ఆ జ్వరమేనని ఊరంతా అనేస్తారు. కాకినాడ తీసుకెళ్ళి ఒక్కదాన్నీ గదిలో పడేస్తారు. పురిటికి తెచ్చుకున్న పిల్లని జీపెక్కించి పంపమంటారా మీరు?"

"జీపు రాదండి. అది నా పూచీ."

ఆవిడ పాక వైపు తిరిగి చూసింది. పాకలో కుండ కింద మంట రేగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మీరు లోపలికి రావద్దు. ఆ స్టేషన్లో తిరిగొచ్చిన చేతులతో నా పిల్లని ముట్టుకోవద్దు."

"మీరే తీయండి" అన్నాడు చంద్రరావు.

ఆయన సంచిలోంచి సామాను తీసి పిట్టగోడ మీద పెట్టి వెనక్కి తగ్గాడు. దూది ఎలా తుడవాలో, సూది ఎక్కడ గుచ్చాలో, మొదటి చుక్క ఎందుకు తుడిచేయాలో తన వేలు చూపిస్తూ చెప్పాడు. పొర సంగతి వచ్చేసరికి గాలిలో చెయ్యి కదిపి ఊరుకున్నాడు. "మిగతాది మీకు తెలిసిందేనండి. కుండ మీద గుడ్డ లాగినట్టే."

బుల్లెమ్మ ఎగాదిగా చూసి, సామాను కొంగులో వేసుకుని లోపలికి వెళ్ళింది. అంతలో చిన్న జల్లు పడింది. చంద్రరావు సైకిలు సీటు మీద సంచి కప్పి చూరు కిందికి జరిగాడు. జల్లు వెలిసేసరికి ఆవిడ వచ్చి స్లైడుని గోడ మీద పెట్టింది. ఆయన దాన్ని అంచులతో పట్టుకుని ఆకాశానికి ఎత్తి చూశాడు. ఏళ్ళ తరబడి ఎంతమంది చేతుల స్లైడ్లో చూశాడు గాని అలాంటి పొర చూడలేదు. చార లేదు, మచ్చ లేదు. గాజు మీద గులాబీరంగు పూతరేకు.

"అప్పుడే ఆరిపోయిందేంటండీ?" అన్నాడు.

"ఆరదేంటండీ మరి" అంది బుల్లెమ్మ.

ఆ మాట దగ్గర ఆయన ఆగి ఉండాల్సింది. పొర అందం చూసిన మైకంలో ఆగలేదు. స్లైడుని కాగితంలో చుట్టి, ఆరోగ్య కేంద్రంలో ఇచ్చి, స్టేషన్‌కి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న సూర్యప్రకాశం ఆయన కోసం గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు. "పొర ఎవరు తీశారండీ? మీరు కాదు. మీకంటే బాగుంది. ఏం లాభం, నెత్తురు ఉడికిపోయింది. రంగు పట్టలేదు, దళసరి చుక్క మాడి గాజుకి అతుక్కుపోయింది. పొయ్యి మీద గాని పెట్టారేంటండీ?"

చంద్రరావుకి కుండ కళ్ళముందు కనపడింది. జల్లు పడుతోంది, తేమ గాలి, పల్చటి పొర. రేకు తీసే చేతికి అప్పుడు తోచేది ఒక్కటే, సెగకి పెట్టడం. నీడలో పెట్టి ఆరనివ్వమని తను చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని తోచలేదు. ఆ రోజు మళ్ళీ వణుకు వచ్చే రోజు.

ఆయన సైకిలు తొక్కుతూ వెళ్తుంటే కాలవ నీళ్ళు పక్కనే పారుతున్నా కంటికి ఆనలేదు. బుల్లెమ్మ ఆయన్ని దూరం నుంచే చూసి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మళ్ళీనా?" అంది ఆయన చెప్పింది విని. "నిన్న మీరు గోడ దగ్గర నిలబడ్డం చూసి పక్కావిడ పాలు పోయడం మానేసిందండీ. కుండ సెగకి పెడితే ఏంటి, కాలిపోవడానికి అదేమన్నా మంట మీద పెట్టానా? పక్కన ఆనించానంతే."

"తప్పు నాదేనండి. రేకుకి సెగ కావాలి. నెత్తురుకి నీడ కావాలి. ఆ ముక్క నేను చెప్పలేదు."

"ఇంక నేనివ్వను. ఒకసారి పొడిచాను, చేతులు ఇప్పటిదాకా కుదుటపడలేదు. వెళ్ళిపోండి."

ఆయన వెళ్ళలేదు. గోడ అవతల అలాగే నిలబడ్డాడు. అప్పుడు వీధివైపు కిటికీ రెక్క తెరుచుకుంది. ఊచల మధ్య నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. నిండుగా గాజులున్నాయి. అరచెయ్యి సున్నంలా పాలిపోయి ఉంది.

"ఇదిగోండి వేలు" అంది లోపల్నుంచి రామతులసి.

"నువ్వు లోపలికి నడు."

"నడుస్తానమ్మా, చుక్కిచ్చి నడుస్తాను. కాసేపట్లో వణుకొస్తాది. అది వచ్చాక ఈ చెయ్యి నిలవదు. నిన్న రాత్రి నుంచి నీ చెయ్యీ నిలవట్లేదు, అన్నం పెడుతుంటే గరిటె గిన్నెకి కొట్టుకుంటంది. ఆయన్ని తీయనీ."

బుల్లెమ్మ కూతురి చెయ్యి వైపు చూసింది. గుమ్మంలోంచి పక్కకి జరిగింది.

చంద్రరావు పెరటి కుళాయి దగ్గర ఆవిడకి కనపడేలా మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాడు. మాస్కు బిగించాడు. కిటికీ దగ్గర నిలబడి వేలు తుడిచి, పొడిచి, చుక్క తీసుకున్నాడు. స్లైడుని అరుగు మీద పెట్టి రెండో స్లైడు అంచు ఆనించాడు. మణికట్టు కదిలింది. పొర సాగిపోయి చివర గుండ్రంగా తిరిగి ఆగింది.

వెనక నిలబడ్డ బుల్లెమ్మ ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది.

"ఆ చెయ్యి నాది కదండీ" అంది. అడిగినట్టు లేదు, గుర్తుపట్టినట్టు ఉంది. "కుండ మీద తిప్పే తిప్పు. ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఈ అరుగు మీదేనండి. నీళ్ళకి వచ్చినప్పుడు."

"ఎన్నాళ్ళయిందండీ?"

"అమ్మాయి అప్పుడు గౌనుల్లో ఉండేది."

ఆయన స్లైడుని అరుగు నీడలో పరిచి, ఈగలు వాలితే దళసరి చుక్కని తినేస్తాయని చెప్పేలోపే ఆవిడ లోపలికి వెళ్ళి విసనకర్ర తెచ్చింది. రేకుల మీద ఈగ వాలకుండా విసురుకునేది అదే. స్లైడు పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని, అది తనంతట తాను ఆరేదాకా విసురుతూనే ఉంది. పక్కింటి కిటికీలోంచి ఎవరో తొంగిచూస్తే, "చూడండి, బాగా చూడండి" అంది తలెత్తకుండానే.

ఆ రోజు చంద్రరావు సైకిలు తొక్కినట్టు వయసులో కూడా తొక్కలేదు. సూర్యప్రకాశం స్లైడుకి రంగు పట్టించి, మైక్రోస్కోపు అద్దం ఎండకి తిప్పి, కన్ను ఆనించాడు. స్లైడుని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరిపాడు. చంద్రరావు కిటికీ ఊచ పట్టుకుని నిలబడి ఆయన వేళ్ళ వంకే చూశాడు. వేళ్ళు ఆగాయి.

"రండి, మీరే చూడండి" అన్నాడు సూర్యప్రకాశం లేచి.

ఎర్రటి కణాల లోపల ఊదారంగు ఉంగరాలు, జ్వరం పురుగులు. చంద్రరావు ఒక్క క్షణం చూసి తల తిప్పుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆ ఉంగరాలు కనపడ్డందుకు ఆయన కళ్ళు చెమర్చడం అదే మొదలు.

డాక్టరు ఉమాశ్రీ జీపు తాళాలు బల్ల మీదే వదిలేసి ఆటోలో వచ్చింది. అప్పటికే రామతులసి బొంతల కింద వణుకుతోంది. ఉమాశ్రీ మంచం అంచున కూర్చుని, కడుపు మీద చెయ్యి వేసి, చెవి గొట్టం ఆనించి చాలాసేపు విన్నది. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందని చెప్పింది. జ్వరం ఏ జాతిదో తేలింది గనక బిడ్డకి పడే మాత్రలే ఇచ్చి, పడని మాత్ర కాన్పు తర్వాత చూద్దామని పక్కన పెట్టింది. నెత్తురు పట్టడానికి వేరే మాత్రలు, మంచానికి దోమతెర. మళ్ళీ వణుకు వస్తే మాత్రం ఆసుపత్రికి తీసుకురాక తప్పదని బుల్లెమ్మకి గట్టిగా చెప్పి వెళ్ళింది.

మళ్ళీ వణుకు రావాల్సిన మధ్యాహ్నం చంద్రరావు స్టేషన్లో ఉన్నాడు. కొవ్వూరు వైపు నుంచి రైళ్ళు వచ్చాయి, వెళ్ళాయి. దగ్గుందా అని అడిగాడే గాని ఏం జవాబు చెప్పారో చెవికెక్కలేదు. మర్నాడు చీకటి విడకముందే సైకిలు తీశాడు. బుల్లెమ్మ వీధి మలుపు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు తొక్కడం మానేశాయి. సైకిలు దానంతట అదే కొంచెం దూరం దొర్లింది.

పెరట్లో తాడు ఖాళీగా ఉంది. బొంతలు అరుగు మీద మడతపెట్టి ఉన్నాయి, పొడిగా.

ఆయన్ని చూసి బుల్లెమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఈసారి మూట లేదు. వీధి ఆ చివరికి వినపడేంత గట్టిగా అంది. "మలేరియా అంటండి మా అమ్మాయికి. మలేరియానే. మీ ఇళ్ళలో ఎవరికన్నా ఒళ్ళు వెచ్చగా ఉంటే దాచుకోకండి, ఈయనకి వేలు చూపించండి." తర్వాత గొంతు తగ్గించి, "రండి, గోడ మీద ఆ రాతేదో రాసుకోండి. తలుపు పక్కనే రాయండి, బాగా కనపడేలా" అంది.

ఆ పూట వీధిలో రెండు మూడు తలుపులు తెరుచుకున్నాయి. వారం తిరిగేసరికి ఇంకొన్ని. పక్కావిడ పాలు మళ్ళీ పోయడం మొదలెట్టింది, పైగా తనకీ నడుం నొప్పులు వస్తున్నాయని, అదీ మలేరియానేమో చూడమని చంద్రరావుని పట్టుకుంది.

రామతులసికి నెలలు నిండాకే ఆడపిల్ల పుట్టింది. సహస్ర అని పేరు పెట్టారు. స్టేషన్లో నిలబడే పని ఆ తర్వాత మెల్లగా సన్నగిల్లి, ఎవరూ చెప్పకుండానే ఆగిపోయింది. మాస్కుని చంద్రరావు కొన్నాళ్ళు సైకిలు సీటు తుడుచుకోవడానికి వాడాడు.

ఆ కాలవగట్టు గోడల మీద ఇప్పుడు తేదీలు లేవు. సున్నాలు పోయి రంగులు వచ్చాయి. ఆయన రిటైరై కూడా చాలాకాలమైంది. ఇప్పటికీ ఎవరైనా ఆ రోజుల గురించి అడిగితే ఆయన స్టేషన్ గురించి గాని, జ్వరాల గురించి గాని చెప్పడు. పిల్ల పుట్టాక వచ్చిన మొదటి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం సంగతి చెబుతాడు.

ఆ మధ్యాహ్నం ఆయన మంచినీళ్ళకి అరుగు మీద ఆగాడు. పాకలో కుండ కింద మంట. ఉయ్యాలలో పిల్ల. బుల్లెమ్మ నీళ్ళ చెంబు ఇవ్వలేదు, తడిగుడ్డ ఆయన చేతికిచ్చింది.

"నా చెయ్యి పట్టుకుపోయారుగా, చూద్దాం ఒక రేకు తీయండి."

"అది గాజండీ, ఇది కుండ."

"చేసి చూపించండి, చూస్తాను" అంది ఆవిడ. ఆయన మాట ఆయనకే అప్పజెప్పింది.

చంద్రరావు గుడ్డ ముంచి, రెండు చేతులా పట్టుకుని, మణికట్టు కదిపాడు. సెగ మొహానికి కొట్టేసరికి సగంలో ఆగాడు. కుండ మీద అడ్డంగా ఒక చార పడి, రేకు నడిమికి చిరిగి, అంచులు నల్లగా ముడుచుకున్నాయి. లోపల్నుంచి రామతులసి నవ్వు వినిపించింది.

బుల్లెమ్మ మాడిన ముక్కని గోటితో గీకి మంటలో పడేసి, కుండని నూనెగుడ్డతో తుడిచింది. పిండి నీళ్ళ గిన్నె ఆయన ముందుకి జరిపింది.

"మీ దగ్గర ఒక్క చుక్కే గదండీ ఉండేది. ఇక్కడ గిన్నెడు ఉంది. పాడుచేసుకోండి, పర్లేదు" అంది.